మా ఇంటి సందు తలుపు

మా బంధువుల ఇళ్లలో ఈ కథను ఇలా చెప్పుకుంటారు. హోసూరులో మా మామగారు కట్టించిన ఇంటికి చదువుకున్న కోడలు వచ్చింది. ఆమెకు ఇల్లు నచ్చలేదు. గోడ పగలగొట్టించింది. అత్తగారు రోజంతా కూర్చునే సందు తలుపును ఇటుకలతో మూయించింది. పాపం ముసలామె నోరెత్తకుండా భరించింది. పెళ్లిళ్లలో ఆకు ముందు కూర్చుని చెప్పుకోవడానికి మంచి కథే. చిన్నది, ఎవరి పక్షాన ఉండాలో వెంటనే తెలిసిపోతుంది. నేను దగ్గర్లో ఉంటే గొంతు తగ్గించి చెబుతారు. అంతవరకు మా వాళ్లు మర్యాదస్తులు.

ఇందులో నిజం లేకపోలేదు. నేను చదువుకున్నాను. ఆ ఇల్లు నాకు నచ్చలేదు. గోడ పగలగొట్టించింది నేనే, అందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు. సందు తలుపు మాత్రం నేను మూయించలేదు. మూయమని అన్నది మా అత్తగారే. ఆ మాట అన్నప్పుడు అక్కడున్న వాళ్లలో అత్తగారు ఇప్పుడు లేరు, మా మామగారి అన్న లేరు, మేస్త్రి ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. మా ఆయన ఉన్నాడు గాని సాక్ష్యానికి పనికిరాడు. ఎవరు ఏమడిగినా "ఇద్దరు చెప్పేదీ నిజమే" అంటాడు. కాబట్టి నేనే రాయాలి.

ముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో చెబుతాను. మా మామగారు చింతపండు వ్యాపారి. యాభైల్లో ఆ ఇల్లు కట్టించారు. రాతి గోడలు, పైన రాతి బండల కప్పు, కింద ఎర్ర గచ్చు. ముందర తిన్నె, తిన్నె దాటితే హాలు, హాలు వెనక చింతపండు నిలవచేసే గది, ఆ గది వెనక వంటిల్లు. వింటే అన్నీ వరుసగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. చింతపండు గదికి హాలు వైపు తలుపు ఉంది. వంటింటి వైపు లేదు, అక్కడ ఉట్టి గోడ. సరుకు చూడటానికి వచ్చిన వ్యాపారుల కంట ఇంటి ఆడవాళ్లు పడకూడదు, ఆడవాళ్ల చెవిన బేరాలు పడకూడదు అని మామగారు అలా లేపించారట. దాంతో హాల్లోంచి వంటింట్లోకి పోవడానికి ఒకటే దారి మిగిలింది. ముందు తలుపులోంచి బయటికి వచ్చి, తిన్నె దిగి, ఇంటి పక్కనున్న సందులోకి తిరిగి, సందు చివర తలుపులోంచి వంటింట్లోకి పోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి చెప్పులు తొడుక్కోవాల్సిన ఇల్లు నేను అంతకుముందు చూడలేదు.

మా పుట్టిల్లు కృష్ణగిరి. పెళ్లికి ముందు మా నాన్న అబ్బాయి ఇల్లు చూడటానికి హోసూరు వచ్చి, హాల్లో కూర్చుంటే, కాఫీ వీధి వైపు నుంచి వచ్చిందట. తిరిగి వచ్చి మా అమ్మతో, "మంచి మనుషులే. మనకోసరం కాఫీ హోటల్లోనుంచి తెప్పించినారు" అని మెచ్చుకున్నాడు. ఆ హోటల్లో వెయిటరు ఉద్యోగం నాకే వస్తుందని ఆయనకు తట్టలేదు.

వానాకాలంలో కాఫీ తెచ్చేసరికి లోటాలో నేను పోసినదానికంటే కొంచెం ఎక్కువే ఉండేది. వచ్చినవాళ్లు అన్నం తినేటప్పుడు చారు ఒకసారి, మజ్జిగ ఒకసారి, ఉప్పు మరచిపోతే దానికోసం ఇంకోసారి, ఇంటి చుట్టూ ప్రదక్షిణలు చేసేదాన్ని. గుళ్లో తిరిగి ఉంటే పుణ్యమన్నా వచ్చేది. తొంభైల నడుమ మా ఇంటికి ఫోను వచ్చింది. దాన్ని హాల్లో పెట్టి, మీద అల్లిన గుడ్డ కప్పారు. అది మోగితే వంటింట్లోంచి నేను పరుగెత్తి, సందు దాటి, తిన్నె ఎక్కి, గుడ్డ తీసేసరికి ఆగిపోయేది. కృష్ణగిరిలో ఉన్న మా ఆడబిడ్డ, మా ఆయనకు అక్క, ఊరంతా చెప్పింది: "మా తమ్ముని ఇంట్లో ఫోను అలంకారానికి పెట్టుకున్నారు."

మామగారు పోయాక చింతపండు వ్యాపారం నిలిచిపోయింది. గదికి తాళం వేశారు. ఇంటికి నట్టనడుమ ఒక చీకటి గది, లోపల ఖాళీ గోనెసంచులు, వాసన. వంటింటి వైపు గోడకు ఒక తలుపు పెడితే చాలు, హాలు, గది, వంటిల్లు కలిసిపోతాయి, ఆ గదిలో భోజనాల బల్ల వేసుకోవచ్చు అని నేను మా ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. "చూస్తాంలే" అన్నాడు. ఏళ్లపాటు చూశాడు.

ఇక సందు తలుపు సంగతి. మా అత్తగారు ఆ తలుపు లోపల, గడపకు ఆనుకుని కూర్చునేవారు. బయట సందులో ఒక రాతి మెట్టు ఉండేది. వచ్చేవాళ్లు ఆ మెట్టు మీద కూర్చునేవాళ్లు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, గాజులామె, పూలామె, అందరికంటే ఎక్కువగా అత్తిముగం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆకుకూరలామె. ఆమె తెచ్చే మెంతాకు కంటే ఆమె తెచ్చే కబుర్లు తాజాగా ఉండేవి. ఎవరి కూతురు అలిగి వచ్చింది, ఎవరి బోరులో నీళ్లు పడలేదు, ఎవరి కొడుకు ఫ్యాక్టరీలో చేరి జీతం మొత్తం బండికే పెడుతున్నాడు, అన్నీ ఆ మెట్టు మీదే తేలేవి. అత్తగారు హాల్లో కూర్చోవడం నేను చూడలేదు. హాలు మగవాళ్లది. ఆమెకు ప్రపంచం ఆ సందు వైపు నుంచే వచ్చేది.

నాకు దారి కూడా అదే. కాఫీ పళ్లెంతో నేను వచ్చినప్పుడల్లా ఆమె మాట ఆపి, మోకాళ్లు ముడుచుకోవాలి. మెట్టు మీదున్నామె లేచి గోడకు అతుక్కోవాలి. నేను దాటాక మళ్లీ కూర్చోవాలి. "ఏమ్మే, ఈ కోడలు బస్సు మాదిరి పోతా ఉండాది, నిలబడదే" అని ఆకుకూరలామె ఒకసారి అంది. "కండక్టరు లేని బస్సు" అన్నారు అత్తగారు. ఇద్దరూ నవ్వారు. కాఫీ చల్లారకముందే నేను తిన్నె ఎక్కేశాను.

కొత్త తలుపు విషయం అత్తగారికి నేను ముందే చెప్పాను. "నాకు లోపల్నుంచి దారి ఉంటే, ఈ సందు వాకిలి పూరా నీకే అత్తా. నేను అడ్డం రాను" అన్నాను. మా వైపు తలుపును వాకిలి అనే అంటాం. ఆమె చేటలో రాళ్లేరుతూ, "చూస్తాంలే" అన్నారు. మా ఆయనకు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తొంభైల చివర్లో మా ఆయన చూడటం పూర్తయింది. ఒక ఆదివారం మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి గోడను అక్కడక్కడ తట్టి, పైన లింటల్ వేసుకుంటే ఏమీ కాదన్నాడు. అంతటితో పని అయిపోవాలి. కాని మా ఆయన, ఎవరో ఒకరు వద్దనకుండా ఏ పనీ మొదలుపెట్టలేడు. అందుకని గురుబరపల్లి నుంచి మామగారి అన్నను, మేము పెద్దమామ అనేవాళ్లం, పిలుచుకుని వచ్చాడు. పెద్దమామకు మామిడి తోటలు ఉండేవి, అన్ని విషయాల మీద అభిప్రాయాలు ఉండేవి. మా ఆయనను వెంటబెట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి, హాల్లో బెంచీ మీద కూర్చుని, "ఎనిమిది" అన్నారు.

"ఏమి ఎనిమిది మామా?" అన్నాను.

"వాకిళ్లు. ఇంటికి వాకిళ్లు సరిగా జతలెక్కన ఉండాలమ్మా. ఇప్పుడు ఎనిమిదుండాయి. నువ్వు ఇంకోటి పెడితే తొమ్మిది. బేసి అయిపోతుంది."

"బేసి అయితే ఏమవుతుంది?"

"ఏమవుతుందో చూసేదానికే పెడతావా?"

"దొడ్లో ఉండే బాత్రూము కూడా కలిపి లెక్కేసినారా?"

"వేసినాను. గడప ఉండేదంతా వాకిలే."

"బాత్రూములో ఎవురు కాపురం ఉండారని మామా?"

"నీ మొగుణ్నే అడుగు. పొద్దున పోతే మధ్యాన్నానికి కదా వస్తాడు!"

మేస్త్రి గట్టిగా నవ్వి, మా ఆయన ముఖం చూసి ఆపేశాడు. నేను వదల్లేదు. "గడప ఉంటేనే వాకిలి కదా. అట్లయితే కొత్తదానికి గడప పెట్టను, తలుపు పెట్టను. ఉట్టి ఆర్చి. లెక్కలోకి రాదు" అన్నాను.

"గోడకు బొక్క పెట్టినాక దానికి ఏం పేరు పెడితే ఏమి? మనుషులు పోతారు, వస్తారు. వాకిలే."

"ఇప్పుడే కదా గడప అన్నారు?"

"అది బాత్రూముకు చెప్పిన మాట."

నేను బీఎస్సీ లెక్కలు చదివాను. ఇలాంటి గణితం మాకు చెప్పలేదు. విసుగెత్తి, "అయితే ఒక పని చేస్తాం మామా. ఏదో ఒక గోడకు ఉట్టినే ఒక తలుపు ఆనించి, బిగించేస్తాం. తెరిస్తే గోడ. పది అయిపోతుంది, సరిసంఖ్య" అన్నాను.

మా ఆయన, "టేకుదా, వేపదా?" అని అడిగాడు. వెటకారానికి కాదు, నిజంగా అడిగాడు.

పెద్దమామ కాసేపు ఆలోచించి, "పది కూడదు. కడపట సున్నా వచ్చేది మంచిది కాదు" అన్నారు.

"అయితే పన్నెండు చేసేస్తామా సార్?" అన్నాడు మేస్త్రి, పని పెరుగుతుందని ఆశగా.

అప్పుడు గమనించాం, మా అత్తగారు సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు దగ్గర బయటే నిలబడి ఉన్నారు. పెద్దమామ ఆమెకు బావగారు. ఆయన ఎదుట ఆమె కూర్చోరు, ఆయనతో మాట్లాడరు. ఆయనకు ఏదన్నా చెప్పాల్సి వస్తే పక్కనున్నవాళ్లకో, పక్కన ఎవరూ లేకపోతే స్తంభానికో చెప్పేవారు. ఆ రోజు మేస్త్రికి చెప్పారు.

"మేస్త్రీ, సందు వాకిలి మూసేయప్పా. అప్పుడు ఇది పెట్టుకోవచ్చు. లెక్క పెరగదు."

నేనే అన్నాను. "అది నువ్వు కూర్చునే వాకిలి కదా అత్తా. దాన్ని మూసేస్తే యాడ కూర్చుంటావు?"

"కూర్చునేది నేను కదమ్మా. వాకిలి కాదు."

"నిన్ను చూసేదానికి వచ్చేవాళ్లు?"

"వాళ్లకు కాళ్లుండాయి."

పెద్దమామ తల ఊపి, బెంచీ మీదినుంచి లేచి, కండువా దులుపుకున్నారు. ఆయన దృష్టిలో చిక్కు తీరిపోయింది. మా ఆయన దృష్టిలో కూడా. నేను సాయంత్రం మళ్లీ అడిగాను. ఆమె చింతాకు దూస్తూ, "అయిన మాట అయిపోయినాది" అన్నారు. నా వాదనకు జవాబు చెప్పనివాళ్లతో ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పని మొదలైంది. గోడ పగలగొట్టాక చింతపండు గదిలోకి మొదటిసారి వెలుతురు వచ్చింది. గచ్చు పగుళ్లలో ఎన్నాళ్లవో చింతగింజలు. గోడలకు అడుగున ఉప్పు పట్టి ఉంది, నిలవ చింతపండుకు కలిపే ఉప్పు. ఎన్నిసార్లు సున్నం వేసినా వానాకాలంలో ఆ గోడలు చెమట పట్టినట్టు తడిసి పొలుసులు రాలేవి. భోజనాల బల్లను గోడకు ఎడంగా వేసుకున్నాం. వచ్చినవాళ్లు అన్నంలో చారు పోయకముందే చారు వాసన వస్తోందనేవాళ్లు. ఆ మాత్రం లోపం నేను ఒప్పుకుంటాను.

మేస్త్రి వేరే పనుల మీద అటూ ఇటూ పోతూ, కొత్త ద్వారబంధం నిలబెట్టిన చాలా రోజులకు గాని సందు తలుపు ముట్టుకోలేదు. చివరికి తలుపు ఊడదీసి, ఇటుక కట్టి, పూత పూశాడు. అది ఆరకముందే కొత్త తలుపు పూజకని మా ఆడబిడ్డ కృష్ణగిరి నుంచి వచ్చింది. వచ్చినామె అలవాటు కొద్దీ సందులోకి పోయి, గోడను చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.

"పుట్టింటినుంచి నేను పొయ్యేటప్పుడల్లా అమ్మ నాకు ఒడినింపింది ఈ వాకిట్లోనే కదా! ముందరంతా వ్యాపారస్తులుంటారని ఈడనే కదా పసుపుకుంకం పెట్టి పంపించేది! ఎవురు మూయించినారు దీన్ని?"

అప్పుడు ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. మా ఆయన నా వైపు చూశాడు. అంతే. నోరు విప్పలేదు, వేలు చూపలేదు, ఊరికే చూశాడు. పెళ్లిళ్లలో చెప్పుకునే కథంతా ఆ చూపులోంచి పుట్టిందే. నేను అత్తగారి వైపు చూశాను, ఇప్పుడన్నా చెబుతారని. ఆమె కూతురి భుజం తట్టి, "లే, ఇడ్లీలు చల్లారిపోతా ఉండాయి" అన్నారు.

"వదినా, మూయమన్నది మీ అమ్మే" అన్నాను నేను.

"అవును, మా అమ్మకు పిచ్చి పట్టినాది, తన వాకిలి తానే మూసుకునేదానికి" అంది మా ఆడబిడ్డ.

నిజం నావైపు ఉన్నా, నమ్మేలా ఉన్నది ఆమె మాటే.

ఆ తర్వాత మా ఇంట్లో నడక మారిపోయింది. వంటింట్లోంచి చూస్తే వీధి కనిపించేది. ఫోను రెండోసారి మోగేలోగా ఎత్తేదాన్ని. నేను ఎత్తడం కూడా తొందరగానే మానేశాను, ఎందుకంటే అత్తగారు ఎత్తడం మొదలుపెట్టారు. ఆమె ఇప్పుడు హాల్లో, మామగారి బెంచీ మీద కూర్చుంటున్నారు. మొదట్లో అంచున, ఎవరో లేవమంటారన్నట్టు. తర్వాత కాళ్లు పైకి పెట్టుకుని. ఒకసారి పెద్దమామ వచ్చారు. ఆయనను చూసి ఆమె లేచి నిలబడ్డారు గాని లోపలికి పోలేదు. ఆమె బెంచీ పక్కనే నిలబడి ఉంటే ఆయన దాని మీద కూర్చోలేరు. కాసేపు ఇద్దరూ నిలబడ్డారు. ఆయన బయటికి పోయి తిన్నె మీద కూర్చుని కాఫీ తాగారు. వాకిళ్ల లెక్క సరిచేసిన ఇంట్లో ఆయనకు కూర్చోవడానికి చోటు లేకపోయింది.

అయితే ఇంకో సంగతీ చెప్పాలి, లేకపోతే నేనూ మా ఆడబిడ్డ లాగే చెప్పినదాన్నవుతాను. ఆకుకూరలామె వచ్చి, సందులో గోడ చూసి, ముందుకు తిరిగి వచ్చి వీధిలోనే నిలబడింది. నేను రమ్మన్నాను. "వద్దులేమ్మా. తిన్నె ఎక్కి కూర్చుంటే చూసేవాళ్లు ఊరుకుంటారా? ఆ సందులో అయితే ఎవురికీ కనపడకుండా ఉన్నింది" అంది. అత్తగారు తిన్నె మీదికి వచ్చారు. ఈమె పైన, ఆమె కింద వీధిలో. గుసగుసగా చెప్పుకునే మాటలను గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చేసరికి, మెంతాకు ధర తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఇంకొన్నాళ్లు వచ్చి, మానుకుంది. నేను కావాలనే ఒకసారి అత్తగారి ముందు ఆ ప్రస్తావన తెచ్చాను. "మార్కెట్లో ఆకు చవగ్గా ఉండాది కదా" అన్నారు.

రెండువేల సంవత్సరం దాటాక అత్తగారికి మోకాళ్లు వంగడం కష్టమైంది. శుక్రవారం గడపలకు పసుపు రాసి కుంకుమ పెట్టే పని నాకు వచ్చింది. గిన్నె పట్టుకుని ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి, దొడ్లో బాత్రూము దాకా రాసి వచ్చాను. ఏడు గడపలు. ఒకటి మూసి ఒకటి పెట్టాం కాబట్టి ఎనిమిది ఉండాలి. మళ్లీ తిరిగి చూశాను. ఏడే.

హాల్లోకి వచ్చి అడిగాను. "అత్తా, మనింట్లో గడపలు ఏడే ఉండాయే?"

"ఎప్పుడూ ఏడే."

"పెద్దమామ ఎనిమిదన్నారే?"

"ముందర వాకిలికి రెండు రెక్కలు కదా. ఆయన రెక్కలు లెక్కేసినాడు. మగోళ్లకు గడప యాడ తెలుస్తుంది?"

నేను పసుపు గిన్నె కింద పెట్టి, వేళ్ల మీద లెక్కేశాను. అంటే మామగారు కట్టినప్పటినుంచీ ఆ ఇల్లు బేసి లెక్కలోనే ఉంది. బేసి లెక్కలోనే చింతపండు అమ్ముడుపోయింది, పిల్లలు పుట్టారు, పెళ్లిళ్లయ్యాయి. నేను అడిగిన తలుపు ఒక్కటి పెట్టి ఊరుకుని ఉంటే ఎనిమిది అయ్యేవి, పెద్దమామ శాస్త్రం ప్రకారమే సరిపోయేది. ఏదీ మూయాల్సిన పని లేదు. మూసినందుకే మళ్లీ ఏడుకు వచ్చి పడ్డాం.

"తెలిసి చెప్పలేదేంటికి?"

"నన్ను ఎవురడిగినారు?"

"సరే, అడగలేదు. మరి సందు వాకిలి మూయమని నువ్వే ఏంటికన్నావు?"

ఆమె ఫోను మీద గుడ్డ సరిచేశారు. అది సరిగానే ఉంది. "నీ బిడ్డకు పరీక్షలెప్పుడు?" అన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నారు. ఇంకా రెండు మూడుసార్లు అడిగాను. ఒకసారి నిద్ర వస్తోందన్నారు. ఒకసారి నవ్వారు.

మా ఆయనను అడిగితే, ఇల్లు బాగుండాలని అమ్మ అలా చేసిందంటాడు. మా ఆడబిడ్డను అడిగితే, నాకు భయపడి అంటుంది. ఆమె ఈమధ్య కృష్ణగిరిలో తన ఇంటికి వంటింటి గోడ మొత్తం తీయించేసి, దానికి ఓపెన్ కిచెన్ అని పేరు పెట్టింది. అది చదువుకున్న కోడలు చేసిన పని కాదు కాబట్టి ఎవరూ కథ చెప్పుకోవడం లేదు.

నా లెక్క నేను వేసి చూశాను, కుదరలేదు. బావగారి ఎదుట ఆయన తప్పు చెప్పలేక అలా అని ఉంటే, ఆయన బస్సెక్కిన తర్వాత నా చెవిలో ఒక్క మాట వేయొచ్చు. ఇటుకలు పడటానికి ముందు ఎన్నో శుక్రవారాలు వచ్చాయి, ప్రతి శుక్రవారం ఆమె ఆ గడపకు పసుపు రాశారు. హాల్లో ఆ బెంచీ మీద కూర్చోవాలని అన్నేళ్లుగా ఉండి, సందులో చోటు ఉన్నంతకాలం ఎవరూ తనను ముందుకు రానివ్వరని ఆ చోటును తానే వదులుకున్నారా? అదే అయితే ఆకుకూరలామె రావడం మానేసిన రోజుల్లో, ఫోను మోగనప్పుడు కూడా, ముందు తలుపు వైపు అలా ఎందుకు చూస్తూ కూర్చునేవారు? లేక నాకు తలుపు రావాలని, ఆ వాదన ఎంత సాగినా మగవాళ్లు తేల్చరని, తన దగ్గరున్నది ఇచ్చేశారా? నేను అడిగింది ఒక తలుపు. ఆమెది ఇమ్మని అడగలేదు.

తెలిసి తెలిసి, కావలసినంత సమయం ఉండి కూడా, నీ వాకిలి నువ్వే ఏంటికి మూయించుకున్నావత్తా?